కొత్త పురుగు, పాత పేరు



వానాకాలపు రాత్రి వసారాలో దీపం పెట్టామంటే చాలు, ఎక్కడెక్కడి రెక్కల పురుగులూ వచ్చి ముసురుకొంటవి. బూడిదరంగువి కొన్ని, గోధుమరంగువి కొన్ని. మనము వాటిని చూచి "దీపపు పురుగులు" అని ఒక్క మాటతో తేల్చివేస్తాము. కాని ఆ గుంపులో ఒకటి వరికి శత్రువు, ఒకటి పత్తికి శత్రువు, మిగిలినవాటిలో చాలావాటికి మన పైరుల జోలి లేనే లేదు. ఏది ఏదో తెలియనంతకాలం అన్నీ ఒక్కటే. తెలిసిననాడు మాత్రం మందు కొనవలెనా, ఊరుకొనవలెనా అన్నది తేలుతుంది. కాబట్టి పురుగుకు పేరు నిర్ణయించడం పండితుల కాలక్షేపం అనుకోకండి. అది మీ ఖర్చుకు సంబంధించిన సంగతి.

ఒక ప్రాంతంలో ఇదివరకు లేని రెక్కల పురుగు కనిపిస్తే దానిని ఎట్లా గుర్తుపడతారు, ఏ జాతిలో చేరుస్తారు అన్న చరిత్రను ఈవేళ చెప్పుకొందాము. ఉదాహరణకు మొక్కజొన్న రైతులందరూ ఎరిగిన కత్తెర పురుగునే తీసుకొందాము. 2018లో ఇది మన దేశానికి కొత్త. కాని దీని శాస్త్రీయనామం 1797 నాటిది. అనగా పురుగు మన పొలానికి రావడానికి 221 సంవత్సరాలకు ముందే దానికి పేరు పెట్టి ఉన్నది. ఆ పాత పేరు ఈ కొత్త పురుగుకు ఎట్లా కలిసిందన్నదే మన కథ.

ముందుగా పేర్ల పద్ధతి చూడవలెను. స్వీడన్ దేశపు లినేయస్ అనే శాస్త్రజ్ఞుడు 1758లో జంతువులన్నిటికీ రెండేసి మాటల పేర్లు స్థిరపరిచాడు. ఇది తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక ఉంటుంది గదా! శాస్త్రీయనామమూ అంతే. కత్తెర పురుగు పేరు స్పోడాప్టెరా ఫ్రుజిపెర్డా. ఇందులో స్పోడాప్టెరా ఇంటిపేరు, ఫ్రుజిపెర్డా పెట్టిన పేరు. ఇదే ఇంటిపేరుగల దాయాదులు మన దగ్గర ముందునుంచీ ఉన్నారు. పొగాకును, వేరుశనగను, ఆముదాన్ని తినే పొగాకు లద్దె పురుగు స్పోడాప్టెరా లిటూరా. శనగలో కనిపించే పచ్చ రబ్బరు పురుగు స్పోడాప్టెరా ఎక్సిగువా. ఒకే ఇంటివారు కాబట్టి పోలికలు ఎక్కువ. పోలికలు ఎక్కువైనచోటనే పొరపాట్లూ ఎక్కువ.

ఇక ఫ్రుజిపెర్డాకు పేరు వచ్చిన సంగతి. లండనులో పుట్టిన జాన్ అబ్బట్ అనే చిత్రకారుడు 1773లో అమెరికా చేరి, కొద్దికాలానికి జార్జియా ప్రాంతంలో స్థిరపడ్డాడు. ఆయన గొంగళి పురుగులను తెచ్చి, అవి తినే ఆకునే వేసి పెంచేవాడు. అవి రెక్కల పురుగులుగా మారేవరకు కనిపెట్టి ఉండి, లద్దె పురుగును, గూటిలోని దశను, రెక్కల పురుగును, అది తినే మొక్కతో సహా బొమ్మ వేసేవాడు. ఆ బొమ్మలు ఇంగ్లండు చేరినవి. అక్కడ జేమ్స్ ఎడ్వర్డ్ స్మిత్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. లినేయస్ పోయిన తరువాత ఆయన సేకరించిన నమూనాలను, పుస్తకాలను 1784లో కొన్నవాడు ఈయనే. అబ్బట్ బొమ్మలను, వివరాలను రెండు సంపుటాలుగా స్మిత్ 1797లో ప్రకటించాడు. అందులో ఈ పురుగుకు ఫ్రుజిపెర్డా అని పేరు పెట్టాడు. లాటిన్ భాషలో ఆ మాటకు పంటను పాడుచేసేదని అర్థం.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. చేలో పురుగును పెంచి చూచినవాడు ఒకడు, బల్ల దగ్గర కూర్చుండి పేరు పెట్టినవాడు మరొకడు. ఇద్దరిలో ఎవరు లేకపోయినా పని జరిగేది కాదు. ఇప్పటికీ ఇది ఇట్లాగే ఉన్నది.

ఆ రోజులలో రెక్కల పురుగులలో చాలావాటికి ఫలీనా అని ఒకే ఇంటిపేరు. తరువాత తరువాత వేల కొద్దీ జాతులు తెలిసేసరికి ఒక ఇల్లు చాలక, ఇళ్ళు వేరుపడినవి. మన ఫ్రుజిపెర్డా ఫలీనా ఇంటినుంచి లాఫిగ్మా అనే ఇంటికి, అక్కడినుంచి స్పోడాప్టెరా ఇంటికి మారింది. దత్తత పోయినవానికి ఇంటిపేరు మారుతుంది, పెట్టిన పేరు మారదు. ఇదీ అంతే. మొదట పెట్టిన పేరుకే అగ్రతాంబూలం అన్నది శాస్త్రజ్ఞుల నియమం. పాత పుస్తకంలో లాఫిగ్మా అని కనబడితే అది మరొక పురుగేమోనని కంగారుపడనక్కరలేదు.

మన దేశపు పురుగులకు కూడ ఇట్లాంటి చరిత్రే ఉన్నది. లినేయస్ శిష్యులలో ఫెబ్రీషియస్ అనే డెన్మార్కు దేశీయుడు పురుగుల శాస్త్రంలో ఘనుడు. ఆయనకు మన దక్షిణదేశం నుంచి పురుగులు పంపినవారిలో కోనిగ్ అనే వైద్యుడు ఒకడు. ఈయన కూడ లినేయస్ శిష్యుడే. తమిళదేశపు తరంగంబాడిలో పనిచేశాడు. 1785లో కలకత్తాకు ప్రయాణమై పోతూ జబ్బుపడి, మన కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఫెబ్రీషియస్ 1775లో ప్రకటించిన గ్రంథంలోనే మన పొగాకు లద్దె పురుగుకు లిటూరా అని పేరు పెట్టాడు.

ఆ లిటూరా పేరుమీద తరువాత ఎంత చిక్కు వచ్చిందో వినండి. 1833లో బొయిడువాల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనికి పోలికగల మరొక పురుగును వర్ణించి, లిట్టొరాలిస్ అన్నాడు. రెక్కలు చూస్తే రెండింటికీ భేదం తెలియదు. అందువల్ల చాలాకాలం రెండూ ఒకటేనని, అంతా లిటూరాయేనని వాడుకలో పడిపోయింది. ఈజిప్టు దేశంలో పత్తిని తినే పురుగును కూడ లిటూరా అనే వ్రాశారు. 1963లో వియెట్ అనే శాస్త్రజ్ఞుడు మగ పురుగుల జననాంగాలను పరీక్షించి ఇవి రెండు వేరు జాతులని తేల్చాడు. ఆఫ్రికాది లిట్టొరాలిస్, మనది లిటూరా. అంతకు ముందు ఈజిప్టులో లిటూరా పేరుతో వ్రాసిన అనుభవాలన్నీ నిజానికి వేరొక పురుగువి అన్నమాట! పేరు కలిసిపోతే పుస్తకంలోని విద్య కూడ కలగాపులగం అవుతుంది.

ఒక పురుగు మన ప్రాంతానికి కొత్త అని చెప్పవలెనంటే ముందుగా పాతవేమిటో తెలిసి ఉండవలెను. పాత లెక్క లేనివాడికి కొత్త జమ తెలియదు. మన దేశానికి అటువంటి లెక్క వ్రాసిపెట్టినవారిలో హాంప్సన్ ముఖ్యుడు. నీలగిరులలో తేయాకు తోటల పనిమీద వచ్చిన ఈయన అక్కడ రెక్కల పురుగుల మీద మోజుపడి, తరువాత లండనులో ఉండి, 1892 నుంచి 1896 వరకు నాలుగు సంపుటాలలో ఈ దేశపు రెక్కల పురుగులను వర్ణించాడు. పొలాలలో కనబడే పురుగుల విషయమై, మద్రాసు ప్రభుత్వ కీటక శాస్త్రజ్ఞుడుగా కోయంబత్తూరులో ఉండిన ఫ్లెచర్ 1914లో దక్షిణదేశపు పురుగుల మీద పెద్ద గ్రంథం ప్రకటించాడు. ఆనాటి తెలుగు జిల్లాలలో చాలాభాగం మద్రాసు రాష్ట్రంలోనివే కాబట్టి మన పైరుల పురుగులు కూడ ఆ లెక్కలోకి వచ్చినవి. ఈ గ్రంథాలు, దాచిపెట్టిన నమూనాలు ఉన్నందుననే "ఇది ఇంతకుముందు లేదు" అనే మాట ధైర్యంగా అనగలిగారు.

ఇప్పుడు కత్తెర పురుగు ప్రయాణానికి వద్దాము. రెండు శతాబ్దాలకు పైగా ఇది అమెరికా ఖండాలకే పరిమితమై ఉన్నది. గడ్డకట్టే చలికి తాళలేదు. అందుచేత ఉత్తర అమెరికాలో ఏటా దక్షిణపు వెచ్చని సీమలనుంచి గాలివాటున వందల మైళ్ళు ఎగిరి ఉత్తరానికి పోతుంది. ఇంత రెక్కబలం గలది. 2016 జనవరిలో పశ్చిమ ఆఫ్రికాలో, నైజీరియా మొక్కజొన్న చేలలో కనిపించింది. సముద్రం దాటి వచ్చిన ఈ పురుగు రెండేళ్ళు తిరిగేసరికి నలభైకి పైగా ఆఫ్రికా దేశాలకు ప్రాకింది.

2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో మొక్కజొన్న చేలు చూస్తున్న అక్కడి వ్యవసాయ, ఉద్యాన శాస్త్రాల విశ్వవిద్యాలయం వారికి సుడిలో ఎన్నడూ చూడని లద్దె పురుగులు కనబడినవి. మన దేశంలో దీనిని మొదట గుర్తించినది అక్కడ. బెంగుళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ 2018 జులై 30వ తేదీన దేశానికి హెచ్చరిక పంపింది. అదే సంవత్సరం తెలంగాణలోను, ఆంధ్రప్రదేశ్‌లోను ఇది కనబడింది. 2019 జనవరికి చైనా, 2020 ఆరంభానికి ఆస్ట్రేలియా చేరింది.

"లద్దె పురుగును చూడగానే ఇది అమెరికాది అని ఎట్లా చెప్పగలిగారండీ?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఒక్క చూపుతో చెప్పలేదు. ఇటువంటి నిర్ణయం నాలుగు మెట్లమీద జరుగుతుంది.

మొదటిది లద్దె పురుగు ఒంటిమీది గుర్తులు. ఎదిగిన పురుగు తలమీద తెల్లని గీతలు తలక్రిందులు చేసిన వై అక్షరంలా ఉంటవి. మన పంగలకర్రను పంగ క్రిందికి వచ్చేటట్లు నిలబెట్టినట్లు ఊహించుకోండి. తోకవైపు చివరినుంచి మూడవ కణుపు దరిదాపున, వీపుమీద నాలుగు నల్లని చుక్కలు చదరంగా, మంచం కోళ్ళవలె అమరి ఉంటవి.

రెండవది పెంపకం. లద్దె పురుగును ఆకువేసి పెంచి రెక్కల పురుగు అయ్యేవరకు ఆగవలెను. అబ్బట్ చేసిన పనే ఇది. రెక్కలు చాపితే మూడున్నర సెంటీమీటర్ల దరిదాపున ఉంటుంది. మగదాని ముందురెక్క కొసన తెల్లని మచ్చ కనబడుతుంది. ఆడదానికి అంత స్పష్టమైన గుర్తు లేదు, బూడిదరంగులో కలిసిపోయి ఉంటుంది.

మూడవది మగ పురుగు జననాంగాల పరీక్ష. కడుపు కొసను కాస్టిక్ పొటాష్ ద్రావణంలో నానవేసి, మెత్తని భాగాలు కరిగిపోగా మిగిలిన గట్టి భాగాలను సూక్ష్మదర్శినిలో చూస్తారు. తాళానికి తాళంచెవి తీరు వేరైనట్లు, ఈ భాగాల ఆకారం జాతికి జాతికి వేరుగా ఉంటుంది. రెక్కల రంగు మాసిపోయినా ఇది మాసిపోదు. లిటూరా చిక్కు విడిపోయినది కూడ దీనితోనే గదా.

నాలుగవది నేటి కాలపు పద్ధతి. జీవి వంశలక్షణాలను మోసే డి.ఎన్.ఏ. అనే పదార్థం నుంచి సుమారు 650 అక్షరాల ముక్క ఒకటి తీసి, ఇదివరకు తెలిసిన జాతుల ముక్కలతో సరిపోల్చుతారు. ఈ పద్ధతిని కెనడాలో పాల్ హెబర్ట్, ఆయన సహచరులు 2003లో ప్రతిపాదించారు. గ్రుడ్డు ఒక్కటే దొరికినా, పురుగు కాలు ఒక్కటే మిగిలినా దీనితో జాతి తెలుసుకొనవచ్చు.

ఈ నాలుగు సాక్ష్యాలూ ఒకే మాట చెప్పితేనే పేరు ఖాయం. తరువాత ఆ నమూనాను తేదీ, ఊరు, పైరు వ్రాసిన చీటీతో దాచిపెట్టవలెను. రేపు ఎవరికైనా అనుమానం వస్తే తీసి చూచుకొనడానికి అదే దస్తావేజు. దస్తావేజు లేని పొలమూ, నమూనా లేని నివేదికా ఒకటే. వివాదం వస్తే నిలువవు.

ఇంకొక సంగతి మరువరాదు. కొత్తగా నమోదు కావడం వేరు, కొత్త జాతి కావడం వేరు. కత్తెర పురుగు లోకానికి కొత్త జాతి కాదు, మన ప్రాంతానికి కొత్త. అట్లాగే మొదట నమోదైన రోజు అది వచ్చిన రోజు కాకపోవచ్చు. ఎవరూ చూడకముందు కొంతకాలం అది మన చేలలో తిని ఉండవచ్చు. అందుచేత "మా ఊళ్ళో లేదు" అనడానికి, "మా ఊళ్ళో చూడలేదు" అనడానికి తేడా ఉన్నది.

సరే, పేరు తేలినందువల్ల రైతుకు ఏమి ఒరిగింది? మూడు లాభాలు చెబుతాను.

ఒకటి, దానిని కనిపెట్టే సాధనం దొరికింది. లింగాకర్షక బుట్టలో పెట్టే ఎర జాతినిబట్టి ఉంటుంది. పొగాకు లద్దె పురుగు ఎర పెట్టి కత్తెర పురుగుకోసం కాచుకొంటే, బుట్ట ఖాళీగా ఉన్నదని ధైర్యపడి పైరు పోగొట్టుకొంటాము. సరియైన ఎర పెట్టినా వేరే రెక్కల పురుగులు కొన్ని పడుతవి. కాబట్టి లెక్కపెట్టేముందు గుర్తుపట్టడం నేర్చుకోవలెను.

రెండు, ఎక్కడ, ఎప్పుడు కొట్టవలెనో తెలిసింది. ఈ పురుగు పిల్లగా ఉన్నప్పుడు ఆకు పచ్చదనాన్ని గీకి తినగా తెల్లని పొరలు మిగులుతవి. ఎదిగినకొద్దీ సుడిలోకి దిగి, పేరుకు తగినట్లు ఆకులను కత్తిరించినట్లు తిని, తడిసిన రంపపు పొట్టువంటి పెంటతో సుడి మూసివేస్తుంది. అప్పుడు పై ఆకులమీద ఎంత మందు కొట్టినా పురుగును తాకదు. చిన్న పురుగు దశలోనే, సుడిలో పడేటట్లు కొట్టవలెనన్న తెలివి దాని నడవడి తెలిసినందువల్ల వచ్చినదే.

మూడు, దానికి శత్రువులెవరో తెలిసింది. అమెరికా రైతుల అనుభవమంతా ఈ పేరుక్రింద జమ అయి ఉన్నది. పేరు దొరకగానే ఆ అనుభవం మనకు అందింది. గ్రుడ్లలో తన గ్రుడ్లు పెట్టి చంపే టెలినోమస్, ట్రైకోగ్రామా అనే నలుసంత పరాన్నజీవులు, పురుగును బిగుసుకొని చచ్చేటట్లు చేసే రైలీ అనే శిలీంధ్రం మన చేలలోనే దీనిమీద పనిచేస్తున్నట్లు కనుగొన్నారు. అందుకనే అవసరం లేని మందు కొట్టి ఈ మిత్రులను చంపుకోవద్దని చెప్పేది.

అయితే పేరుతోనే సమస్తమూ తెలిసిపోతుందనుకోరాదు. ఈ జాతిలోనే రెండు తెగలున్నవని 1980లలో అమెరికాలో కనుగొన్నారు. ఒకటి మొక్కజొన్న తెగ, ఒకటి వరి తెగ. మన దేశపు పురుగులలో తల్లివైపునుంచి మాత్రమే వచ్చే డి.ఎన్.ఏ. ముక్కను చూస్తే ఎక్కువగా వరి తెగ అని వచ్చింది. మరొక జన్యువును చూస్తే మొక్కజొన్న తెగ అని వచ్చింది. చేలో చూడబోతే అది ముఖ్యంగా మొక్కజొన్ననే తింటున్నది. జొన్నమీద, చెరకుమీద కూడ కనబడింది. ప్రయోగశాల ఒక మాట, పొలం మరొక మాట చెప్పినప్పుడు రెండూ వినవలెను. పొలంలో చూచేవారు మీరే గనుక మీ మాటకు విలువ ఉన్నది.

మీరు చేలో దీనిని మిగిలినవాటినుంచి వేరుచేయడం కష్టం కాదు. పొగాకు లద్దె పురుగుకు ఒంటి ప్రక్కల నల్లని ముక్కోణపు మచ్చలు ఉంటవి. మొక్కజొన్న కండెను తినే శనగపచ్చ పురుగు ఒంటిమీద చిన్న ముళ్ళవంటి నూగు ఉండి, తాకితే గరుకు తెలుస్తుంది. తల్లి గ్రుడ్లను విడివిడిగా పెడుతుంది. కత్తెర పురుగు తల్లి గుంపుగా పెట్టి నూగు కప్పుతుంది. కాండం తొలుచు పురుగు ఆకులో గుండుసూదితో పొడిచినట్లు వరుస రంధ్రాలు చేసి, లోపలికి దిగి మొవ్వు ఎండబెడుతుంది. అనుమానం వస్తే తల గుర్తు, తోక చుక్కలు రెండూ చూడండి. ఒక్క గుర్తుతో తీర్పు చెప్పవద్దు.

ఇక విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. రైతు ఒక వింత పురుగును తెస్తే "ఏదో లద్దె పురుగులే" అని పారవేయకండి. గాజుసీసాలో కొంత ఆకుతో వేసి, మూతకు సన్నని గుడ్డ కట్టి, ఊరు, పైరు, తేదీ వ్రాయండి. కొన్నిటిని పెంచండి, కొన్నిటిని సారాయి ద్రవంలో వేసి దాచండి. దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికో, వ్యవసాయ పరిశోధన స్థానానికో చేర్చండి. అది పాత పురుగే అయితే పోయినదేమీ లేదు, ఒక సీసా తప్ప. కొత్తదే అయితే ఆ సీసా విలువ ఒక జిల్లా పంట.

రైతు సోదరులారా, కత్తెర పురుగు కథలో మొదటి మెట్టుమీద నిలిచినవాడు జార్జియాలో పురుగులకు ఆకువేసి పెంచిన చిత్రకారుడు. శివమొగ్గలోనూ కథ మొదలైనది మొక్కజొన్న సుడి విప్పి చూచిన కళ్ళతోనే. వచ్చేసారి మరొక కొత్త పురుగు వస్తే దానిని ముందుగా చూడబోయేది మీరే కావచ్చు. రేపు ఉదయం చేలోకి పోయినప్పుడు పది మొక్కల సుడులు విప్పి చూడండి. ఎరుగని పురుగు కనబడితే చంపేముందు ఒకదానిని సీసాలో వేయండి. పేరు తరువాత తెలుసుకొందాము.

సెలవు.